న్యూ బ్రైటన్‌లో ఆదివారం

నైట్ డ్యూటీ దిగొచ్చి పడుకున్నా, పన్నెండింటికల్లా మెలకువ వచ్చేసింది. రాత్రి మిగిలిన అన్నంలో చింతకాయ పచ్చడి కలుపుకు తిని, ఇక్కడ ఇంగ్లండ్‌లో, లివర్‌పూల్ లైమ్ స్ట్రీట్ స్టేషన్‌లో న్యూ బ్రైటన్ రైలెక్కాను. మెర్సీ నది కిందుగా పోయి అరగంటలో సముద్రం ఒడ్డున దింపేస్తుంది. సంచిలో గొడుగు, కెమెరా, పోయిన నెల తీసిన ఫొటో ప్రింటు.

ఆ రోజు ఓ ముసలి దంపతులు కారుని సముద్రం వైపు ఆపుకుని, లోపలే కూర్చుని చిప్స్ తింటున్నారు. ఇక్కడివాళ్ళకి ఇదీ షికారే. బయట నిలబడలేనంత గాలి ఉన్నా సరే, అద్దంలోంచైనా కాసేపు సముద్రం చూసి గానీ ఇంటికి పోరు. ఫొటో తీసుకోనా అని అడిగితే ఆవిడ "ఉండు లవ్, జుట్టు సర్దుకోనీ" అంది. (మనం "అమ్మా" అన్నట్టు, వీళ్ళు ఎవరినైనా "లవ్" అనే పిలుస్తారు.) చిప్స్ పొట్లం కాళ్ళ దగ్గర పెట్టి, పెదవులు తుడుచుకుని, గడ్డం కాస్త పైకెత్తింది. తను ఎలా కనపడాలనుకుంటుందో అలా అయ్యేదాకా ఆగాను. ఆ అరనిమిషం కోసమే నేను కెమెరా పట్టుకు తిరుగుతాను.

ఫొటోలంటే ఇష్టమున్నవాళ్ళకి ఈ ఊరు కొత్త కాదు. బ్రిటిష్ ఫొటోగ్రాఫర్ మార్టిన్ పార్ పక్కనే వాలసీలో కాపురం ఉంటూ, 1983 నుంచి 85 దాకా ఇక్కడి సెలవురోజుల్ని రంగుల్లో తీశాడు, పట్టపగలే ఫ్లాష్ కొట్టి. ఇసుక కూడా లేని కాంక్రీటు మీద, పెద్ద పొక్లెయిన్ ముందు బోర్లా పడుకుని ఎండ కాచుకునే ఆడమనిషి ఫొటో చాలామంది చూసే ఉంటారు. 1986లో లండన్‌లో వాటిని ప్రదర్శిస్తే, పేదవాళ్ళని చులకన చేశాడని కొందరు మండిపడ్డారు. నాకలా అనిపించదు. ఆ ఫొటోల్లో కనపడే చెత్త మధ్య కూడా పిల్లల్ని ఎత్తుకుని సరదాగా గడపడానికి వచ్చినవాళ్ళు కనిపిస్తారు నాకు. కానీ ఆ ఫొటోల్లో చాలామంది మొహాలకి సర్దుకునే వ్యవధి దొరకలేదు.

అదే రోజుల్లో ఇదే ఊళ్ళో ఇంకో ఫొటోగ్రాఫర్ ఉండేవాడు, టామ్ వుడ్. ఐర్లండ్‌లో పుట్టి, 1978లో ఈ ప్రాంతానికి వచ్చాడు. ఇక్కడి చెల్సీ రీచ్ అనే నైట్ క్లబ్బులో కుర్రకారుని తీశాడు: స్ప్రే కొట్టి నిలబెట్టిన జుట్టు, చెమటకి కరిగిన కాటుక, అమ్మాయి చూస్తోందో లేదో అని ఓరకంట చూసే అబ్బాయి. తీసిన ఫొటోల ప్రింట్లు వాళ్ళకే తెచ్చి ఇచ్చేవాడు. ఊరంతా అతన్ని "ఫోటీ మ్యాన్" (ఫొటోలాయన) అని పిలిచేవాళ్ళు. వారం తిరిగేసరికి మళ్ళీ అదే మొహం ఎదురుపడుతుంది కదా, తీసేటప్పుడే ఆ సంగతి చేతికి తెలుస్తుందనుకుంటాను.

విశాఖ బీచిలో మా అమ్మ ఫొటో గుర్తొచ్చింది. నాకు ఏడేళ్ళుంటాయి. మెడలో కెమెరా వేసుకున్నాయన "కొంగు సర్దుకోండమ్మా, బాబుని దగ్గరికి తీసుకోండి" అన్నాడు. నాన్న అడ్వాన్సు ఇచ్చి, చిన్న పుస్తకంలో అడ్రసు రాయించారు. ఇంక రాదులే అనుకున్న ఫొటో ఇరవై రోజులకి పోస్టులో వచ్చింది. అమ్మ చీరకుచ్చిళ్ళు సముద్రంలో సగం తడిసి ఉన్నాయి, మొహం మాత్రం పెళ్ళిఫొటోలో లాగా ఉంది. అది ఇప్పటికీ మా బీరువా అద్దానికే ఉంది.

ఈ రోజు అదృష్టం. నీలం కారు అక్కడే ఉంది. అద్దం తట్టి ప్రింటు ఇచ్చాను. ఆయన కళ్ళజోడు మార్చుకుని చాలాసేపు చూశాడు, ఏమీ అనలేదు. స్టీరింగ్ ముందు అద్దానికి ఆనించి నిలబెట్టాడు. వెనక నదికి అవతల లివర్‌పూల్ రేవు క్రేన్లు కనపడుతున్నాయి. ఆవిడ మాత్రం దాన్ని మళ్ళీ చేతిలోకి తీసుకుని, "ఆ రోజు పాత కోటు వేసుకున్నాను. ఇవాళ మంచిది వేసుకున్నా, ఇంకొకటి తియ్యి లవ్" అంది. ఈసారి కారు దిగి నిలబడింది. గాలికి జుట్టు ఆగటం లేదు, రెండు చేతులతో పట్టుకుంది. మూడు తీశాను.

గురువారం ప్రింటు చేయించాలి. రెండు కాపీలు, వాళ్ళ చెల్లెలికి కూడా కావాలట.