సాయంత్రం పాల లెక్క

మా అక్క కూతురు అమెరికాలో ఎంబీఏ చదువుతోంది. వచ్చే జనవరిలో మరో ముగ్గురితో కలిసి ఆఫ్రికాలోని ఒక సంస్థకు సలహా ప్రాజెక్టు చేయడానికి వెళ్లబోతోంది. పోయిన ఆదివారం ఫోను చేసి, "పిన్నీ, మూడు వారాలు ఉండి వచ్చేవాళ్లం, ఏళ్ల తరబడి ఆ పనిలో ఉన్నవాళ్లకు మేము కొత్తగా ఏం చెప్పగలం?" అని అడిగింది. కొన్నేళ్ల క్రితం ఇలాంటి ప్రాజెక్టుకే నేను కెన్యాకు బయలుదేరినప్పుడు నన్ను వేధించిన ప్రశ్న కూడా అదే. ఫోనులో సరిగ్గా చెప్పలేకపోయాను కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

ఈ తరహా చదువు ఇప్పుడు చాలా బిజినెస్ స్కూళ్లలో ఉంది. మిషిగన్ విశ్వవిద్యాలయపు రాస్ స్కూలు 1992 నుంచి తన ఎంబీఏ విద్యార్థులను మొదటి సంవత్సరంలోనే ఏడు వారాల పాటు బృందాలుగా నిజమైన సంస్థల పనిలో పెడుతోంది. ఆ సంస్థలలో కొన్ని ఇతర దేశాలవి. ఎంఐటీ స్లోన్ స్కూలులో జి-ల్యాబ్ అనే ఇలాంటి కార్యక్రమం 2000లో మొదలైంది. నలుగురేసి విద్యార్థులు ఒక సెమిస్టరంతా దూరం నుంచి పనిచేసి, జనవరిలో మూడు వారాలు ఆ సంస్థలోనే గడపడం దాని పద్ధతి. మన హైదరాబాదు ఐఎస్‌బీలో (ఇండియన్ స్కూల్ ఆఫ్ బిజినెస్) కూడా విద్యార్థి బృందాలు సంస్థల సమస్యల మీద పనిచేసే కార్యక్రమం ఉంది. తరగతిలో చదివే కేసులో, అంటే ఒక సంస్థ కథను పాఠంగా రాసిన దానిలో, సమస్యను ఎవరో ముందే ఏరి, శుభ్రం చేసి మన ముందు పెడతారు. బయటి సంస్థకు వెళ్లినప్పుడు సమస్య ఏమిటో కనుక్కోవడమే సగం పని. ఈ మాట మా అధ్యాపకులు చాలాసార్లు చెప్పారు కానీ, అది నాకు నిజంగా తెలిసివచ్చింది న్యాండరువాలో ఒక పాల క్యాను దగ్గర.

న్యాండరువా కెన్యా మధ్యభాగంలో, అబర్డేర్ కొండలకు పడమరగా ఉన్న పీఠభూమి కౌంటీ, అంటే మన జిల్లా లాంటిది. నైరోబీ నుంచి రిఫ్ట్ లోయ అంచు దిగి, నైవాషా, గిల్‌గిల్ దాటి మళ్లీ పైకెక్కితే ఓల్ కలౌ వస్తుంది. భూమధ్యరేఖకు అంత దగ్గరగా ఉన్నా, ఏడు వేల అడుగులకు పైన కావడం వల్ల తెల్లవారుజామున స్వెటరు లేకుండా బయట నిలబడలేము. వలసపాలనలో ఆ భూములు యూరోపియన్ల పెద్ద కమతాలు. 1963లో స్వాతంత్ర్యం వచ్చే నాటికి మొదలైన పునరావాస పథకాల కింద వాటిని ముక్కలుగా చేసి ఆఫ్రికన్ రైతు కుటుంబాలకు ఇచ్చారు. అందుకే ఇప్పుడక్కడ ఎటు చూసినా కొద్దిపాటి భూమి, కొంత బంగాళదుంప, రెండు మూడు ఆవులు ఉన్న ఇళ్లే. మేము పనిచేసింది అలాంటి రైతుల పాల సహకార సంఘంతో. సంఘం పేరు, మా స్కూలు పేరు ఇక్కడ అవసరం లేదు.

ఒప్పంద పత్రంలో సంఘం అడిగినది స్పష్టంగానే ఉంది: పెరుగు తయారీ యూనిట్ పెట్టడానికి వ్యాపార ప్రణాళిక కావాలి. సెమిస్టరంతా మేము దూరం నుంచే నైరోబీలోని పెరుగు ధరలు, యంత్రాల ఖర్చు, పోటీ బ్రాండ్లు ఏరి కూర్చాము. బయలుదేరే నాటికే నలభై స్లైడ్లు సిద్ధమయ్యాయి. అక్కడికి చేరాక మొదటి మూడు రోజులు మేనేజరు గారి గదిలో కూర్చుని వాటినే సరిదిద్దుకున్నాము. ఆ మూడు రోజుల గురించి నాకు ఇప్పటికీ బాధగా ఉంటుంది, ఎందుకంటే మొత్తం మాకు ఉన్నవి పదిహేను పనిదినాలు.

నాలుగో రోజు ఉదయం ఆరు గంటలకు, సంఘంలో లెక్కలు రాసే కుర్రవాడితో కలిసి మోటారు సైకిల్ మీద ఒక పాల సేకరణ స్థలానికి వెళ్లాను. అది రోడ్డు పక్కన రేకుల పందిరి, అంతే. రైతులు అల్యూమినియం క్యాన్లతో వరుసలో ఉన్నారు. పాలు పోయించుకునే మనిషి ప్రతి క్యాను మూత తీసి వాసన చూస్తాడు, లాక్టోమీటరు ముంచి నీళ్లు కలిశాయేమో చూస్తాడు, తరువాత చిన్న గాజు గొట్టంలో పాలు, ఆల్కహాలు సమానంగా పోసి ఊపుతాడు. గొట్టం గోడకు తెల్లటి రవ్వలు అంటుకుంటే ఆ పాలు వేడికి విరిగిపోతాయని అర్థం. వరుసలో ఐదో మనిషి ఒక పెద్దావిడ. ఆమె పాలకు రవ్వలు వచ్చాయి. అతను తల అడ్డంగా ఊపాడు. ఆమె గొడవ పడలేదు. క్యాను మూత బిగించి, కొంగు లాంటి గుడ్డతో దాని పిడి తుడిచి, వచ్చిన దారినే వెనక్కి నడిచింది. లెక్కల పుస్తకంలో ఆమె పేరు ఎదురుగా ఆ రోజు గడి ఖాళీగా ఉండిపోయింది. అంటే కాగితం మీద ఆమె పాలు తేనే లేదు.

నేను పరుగున వెళ్లి ఆమెతో మాట్లాడాను. ఆమె కికుయూ భాషలో రెండు నిమిషాలు చెప్పినదాన్ని కుర్రవాడు ఒక్క వాక్యంలో అనువదించాడు: "నిన్న సాయంత్రం పాలు కలిపిందట." మిగతాది కూడా చెప్పమని అడిగాను. సంఘం ఉదయం పాలు మాత్రమే తీసుకుంటుంది. సాయంత్రం పాలు ఇంట్లో వాడుకోగా మిగిలితే చల్లటి నీళ్ల తొట్టెలో ఉంచి మర్నాడు కలుపుతుంది. ఒక్కోసారి నిలుస్తాయి, ఒక్కోసారి నిలవవు. సాయంత్రం సైకిల్ మీద వచ్చే పాల వ్యాపారికి పోస్తే చేతిలో డబ్బు పెడతాడు, సంఘం డబ్బు నెలాఖరుకు గానీ రాదు.

కృష్ణా జిల్లాలో మా ఊళ్లో పాల కేంద్రానికి రెండు పూటలా పాలు పోసేవాళ్లం. చీకటి పడే వేళ మా అమ్మ గిన్నె చేతికిచ్చి పంపితే నేను వెళ్లి వరుసలో నిలబడేదాన్ని. వెన్న శాతం కట్టి, పాస్ పుస్తకంలో రాసి ఇచ్చేవారు. సాయంత్రం పూట ఎందుకు ముఖ్యమో, బిల్లు నాలుగు రోజులు ఆలస్యమైతే ఇంట్లో ఏమవుతుందో నాకు ఎవరూ నేర్పనక్కరలేదు. అయినా నాలుగు నెలల తయారీలో ఆ సంగతి ఒక్కసారి కూడా నా బృందంతో అనలేదు. బిజినెస్ స్కూలులో పనికివచ్చే జ్ఞానం వేరే ఉంటుందని, ఊళ్లో పాలు పోసిన అనుభవం అందులోకి రాదని నేను గట్టిగా నమ్మాను. మన పల్లెల నుంచి వెళ్లిన పిల్లలలో ఈ నమ్మకం చాలామందికి ఉంది, అది తప్పు. ఆ రాత్రి అమ్మకు ఫోను చేస్తే ఆమె మొదట అడిగిన మాట, "దాణా ఖాతాలో ఇస్తారా వాళ్లకి?" అని. ఇస్తారు. పాల డబ్బులోంచి దాణా, అప్పు వాయిదా పట్టుకునే పద్ధతి అక్కడి సంఘాలలో బాగా పాతుకుపోయింది. అయితే ఎండాకాలంలో పాలు తగ్గి, దాణా కోత మాత్రం అంతే ఉండటంతో కొందరికి నెలాఖరున చేతికి వచ్చేది దాదాపు శూన్యం. వాళ్లు ఉదయం పాలు కూడా సైకిల్ వ్యాపారికే పోస్తున్నారని మరుసటి వారం రైతుల ఇళ్లకు తిరిగినప్పుడు తెలిసింది.

సంఘం శీతలీకరణ ట్యాంకు మేము ఉన్న రోజులలో ఒక్కనాడూ సగం నిండలేదు. అలాంటప్పుడు పెరుగు యూనిట్‌కు పాలెక్కడివి? ఈ మాట మేనేజరు గారితో అనడానికి మా నలుగురిలో ఇద్దరు ఒప్పుకోలేదు. అడిగినది ఇవ్వడం మన బాధ్యత, దానిని మార్చడం మర్యాద కాదని వారి వాదన. అది కొట్టిపారేయదగిన వాదన కాదు, ఎందుకంటే తమ సంస్థ సంగతి తమకంటే విద్యార్థులకు ఎక్కువ తెలుసన్నట్టు మాట్లాడితే ఎవరికైనా నొప్పి కలుగుతుంది. రెండు రోజులు తర్జనభర్జన పడి చివరకు అందరం కలిసి వెళ్లి చెప్పాము. ఆయన చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. లేచి, బీరువా తెరిచి, స్పైరల్ బైండింగు చేసిన ఒక నివేదిక తీసి మా ముందు పెట్టారు. రెండేళ్ల కిందట వేరే దేశపు విద్యార్థులు రాసినది. అందులో ఇరవై మూడో పేజీలో సాయంత్రం సేకరణ గురించి ఒక పేరా ఉంది. "మీరు కూడా ఇలాంటిదే ఇచ్చి వెళ్తారా?" అని అడిగారు. ఆ గొంతులో కోపం లేదు, అలసట ఉంది.

అక్కడి నుంచి మిగిలిన ఎనిమిది రోజులూ మేము స్లైడ్ల జోలికి పోలేదు. మా అధ్యాపకురాలి అనుమతి తీసుకుని పని పరిధిని మార్చుకున్నాము. లెక్కల కుర్రవాడు తనకు వచ్చిన ఎక్సెల్‌లోనే ఒక పట్టిక తయారుచేశాడు; మేము పక్కన కూర్చున్నాము, కీబోర్డు అతని చేతిలోనే ఉంది. తిరిగి పంపిన పాలకు ఒక గడి, కారణానికి ఒక గడి, దాణా కోతకు ముందు, తరువాత రైతుకు మిగిలే డబ్బుకు చెరో గడి. రెండు దారులలో సాయంత్రం సేకరణను ప్రయోగంగా మొదలుపెట్టాలని, ఆ దారుల రైతులకు కనీసం కొంత మొత్తమైనా వారం వారం ఎం-పెసాలో (ఫోను ద్వారా డబ్బు పంపే సేవ) వేయాలని సంఘం కమిటీయే తీర్మానించింది. 2007 నుంచి వాడుకలో ఉన్న ఎం-పెసా అక్కడ ప్రతి రైతు ఫోనులోనూ ఉంది కాబట్టి, డబ్బు పంపే మార్గం కొత్తగా వెతకవలసిన అవసరం రాలేదు. పెరుగు యూనిట్ ప్రణాళికను కూడా ఇచ్చాము, అయితే ట్యాంకు రోజుకు ఎంత నిండితే అది గిట్టుబాటవుతుందో మొదటి పేజీలోనే రాశాము.

మా పనిలో ఒక పెద్ద లోపం మాత్రం ఉండిపోయింది. జనవరి అక్కడ పొడి కాలం. మార్చి నుంచి మే దాకా కురిసే పెద్ద వానలలో గడ్డి పెరిగి పాలు పొంగుతాయి, అదే సమయంలో మట్టి రోడ్లు బురదై పాల బండ్లు కూరుకుపోతాయి. మా కాలేజీ క్యాలెండరు ప్రకారం వెళ్లిన మేము ఒక్క కాలాన్నే చూసి, ఏడాది పొడవునా నడిచే సంఘానికి సలహా చెప్పాము. అక్క కూతురికి నేను గట్టిగా చెప్పినది ఇదే: నువ్వు చూడని నెలల పుస్తకాలు అడిగి తిరగెయ్యి, నీతో రోజూ తిరిగే మనిషి ఒకరు కావాలని వెళ్లకముందే అడుగు, స్లైడ్లు ఇంటికొచ్చాక చేసుకోవచ్చు. ఇంకా, విద్యార్థులు వచ్చారని అక్కడివాళ్లు తమ పని పక్కన పెట్టి గంటల తరబడి మనతో కూర్చుంటారు. ఆ గంటలకు ఏ ఒప్పందంలోనూ ఖరీదు కట్టరు, కాబట్టి దానిని మనమే మనసులో కట్టుకోవాలి.

ఆ ఏప్రిల్‌లో లెక్కల కుర్రవాడు వాట్సాప్‌లో ఒక ఫోటో పంపాడు. కంప్యూటరు తెర మీద అదే పట్టిక, చివర మేము పెట్టని గడి ఒకటి కొత్తగా ఉంది. ఏ రోజు ఏ రోడ్డు మూసుకుపోయిందో అందులో రాస్తున్నాడు.