పెద్దమ్మ ముత్తాతగారి కాగితం

మంగళవారం. ఆఫీసుకు సెలవు పెట్టి, ఇక్కడ మారిషస్‌లో మా పక్కింటి పెద్దమ్మకు తోడుగా మోకా అనే ఊరికి వెళ్లాను. అక్కడి మహాత్మా గాంధీ సంస్థలో ఈ దీవికి వచ్చిన కూలీల పాత రిజిస్టర్లు ఉన్నాయి. తన ముత్తాతగారి వివరాలు కాగితం మీద కావాలని ఆమె కోరిక. ఆమె మాట్లాడేది క్రియోల్, ఫ్రెంచి నుంచి పుట్టిన ఇక్కడి వాడుక భాష; నాకు వచ్చింది అరకొర. బడిలో తెలుగు నేర్చుకుంటున్న మనవరాలు మధ్యవర్తి.

ఆ నమోదు చూస్తే ఒళ్లు మండింది. నంబరు, ఓడ పేరు, వయసు, ఎత్తు, ఒంటి మీది మచ్చ. సంతలో ఎద్దును చూసి రాసుకున్నట్టు! 1835లో ఇక్కడ బానిసత్వం రద్దయింది. చెరకు తోటల దొరలు ముందుచూపుతో 1834 నుంచే మన దేశపు కూలీలను దింపుకోవడం మొదలుపెట్టారు. 1920 లోపు దాదాపు 5 లక్షల మంది వచ్చారు. వాళ్లలో తెలుగువాళ్లకు కోరంగి రేవు పేరు మీద కోరంగీలన్న పిలుపు స్థిరపడింది.

1860ల నుంచి కూలీలకు ఫొటోలు కూడా తీశారు కాబట్టి పెద్దమ్మ ఆశపడింది. ఆయనది దొరకలేదు. విశాఖపట్నం జిల్లా అని మాత్రం స్పష్టంగా ఉంది. ఊరి పేరు గుమస్తా చెవికి ఎలా వినబడితే అలా రాసినట్టుంది. “పెళ్లాన్ని అక్కడే వదిలి వచ్చాడా?” అని ఆమె మనవరాలి చేత అడిగించింది. కాగితంలో ఆ గడి లేదు.

బయటికి వచ్చి ధోల్ పూరీ, అంటే పప్పు కూరిన రొట్టె, తిన్నాం. మిరపకాయ పచ్చడి చాలలేదని పెద్దమ్మ బండివాడితో పోట్లాడి మరీ వేయించుకుంది.

రాత్రి ఫోనులో అక్కకు ఇదంతా చెబితే, “వాళ్లకు తెలుగు ఎక్కడ వస్తుందిలే” అని తీసిపారేసింది. నాకు కోపం వచ్చింది. ఈ దేశంలో ఉగాది ప్రభుత్వ సెలవు. పెద్దమ్మ ఇంట్లో సింహాద్రి అప్పన్నకు దీపం పెడతారు, రామభజన చేస్తారు. కీర్తన మొదలైతే ఆమె పుస్తకం చూడదు. తరాల తరబడి తోటల్లో ఒళ్లు వంచి పనిచేస్తూ నిలుపుకున్న పాట అది. విమానంలో ఆవకాయ జాడీతో దిగిన నేనా ఆమెకు పరీక్ష పెట్టేది? ఆమె క్రియోల్‌లో నవ్వినా, తిట్టినా అది ఈ దీవి తెలుగింటి మాటే.

ఊరి పేరు మూడు రకాలుగా చదివి చూశాను. రెండు విజయనగరం వైపు ఊళ్లలా తోస్తున్నాయి. రేపు మావయ్యకు ఫోన్ చేసి అడగాలి.