ఒకే ఎర్బియం, రెండు గాజులు

దర్శనం మరునాటికి పెట్టుకొని, గుంటూరులో ఎక్కిన రాత్రి రైలు తెల్లవారుజామున తిరుపతిలో దించగానే నేరుగా శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయానికి వెళ్లాను. అక్కడి భౌతికశాస్త్ర విభాగం విరళ మృత్తికలు (యూరోపియం, ఎర్బియం వంటి లోహ మూలకాలు) కలిపిన గాజులపై దశాబ్దాలుగా పరిశోధన చేస్తోంది. డిగ్రీ తరగతుల్లో వర్ణపటాలు బోధిస్తున్న నాకు ఆ గాజు పుట్టడం చూడాలని చాలాకాలంగా కోరిక.

పరిశోధక విద్యార్థిని ఒకరు బోరిక్ ఆమ్లం, సోడియం కార్బొనేట్, కొద్దిగా యూరోపియం ఆక్సైడ్ తూచి, అగేటు కల్వంలో మెత్తగా నూరి, మూసలో పోసి కొలిమిలో పెట్టారు. సుమారు 950 డిగ్రీల దగ్గర కరిగిన ద్రవాన్ని వేడి ఇత్తడి పలకపై పోసి మరో పలకతో అదిమితే తేటైన బిళ్ల తయారైంది. లోపలి ఒత్తిడి సడలేందుకు దానిని వెంటనే మరో కొలిమిలోకి మార్చి, నిన్నటి బిళ్లపై అతినీలలోహిత దీపం వేశారు. అది ఎర్రగా వెలిగింది.

"ఇప్పుడు ఇవి చూడండి సార్" అంటూ, ఒకే పాళ్లలో ఎర్బియం కలిపిన రెండు బిళ్లలు ముందుంచారు: ఒకటి బోరాన్ ఆక్సైడుతో అల్లుకున్న బోరేట్ గాజు, రెండోది టెల్లూరియం ఆక్సైడుతో అల్లుకున్న టెల్లురైట్ గాజు. రక్షణ కళ్లద్దాలు పెట్టుకున్నాక, కంటికి కనిపించని 980 నానోమీటర్ల లేజరును వాటిపై ప్రసరింపజేశారు. టెల్లురైట్‌లో పచ్చని గీత మెరిసింది. బోరేట్ చీకటిగానే ఉండిపోయింది.

బోరేట్ అల్లికలోని పరమాణువుల కంపనాల శక్తి, వర్ణపటాల్లో వాడే కొలతలో, సెంటీమీటరుకు సుమారు 1,400 తరంగాలు, టెల్లురైట్‌లో అందులో సగమే. ఎర్బియం అయాను మొదటి ఫోటానుతో (వెలుగు రేణువుతో) చేరిన శక్తి మెట్టుకూ దాని కింది మెట్టుకూ ఎడం దాదాపు 3,600. దానిని దాటడానికి బోరేట్‌కు మూడు కంపనాలు చాలు, టెల్లురైట్‌కు అయిదు కావాలి. అందుకే బోరేట్‌లో శక్తి త్వరగా వేడిగా జారిపోతుంది; టెల్లురైట్‌లో అయాను ఆ మెట్టుపై నిలిచి, రెండో ఫోటానును అందుకొని, పచ్చని వెలుగునిచ్చే మెట్టుకు చేరుతుంది. యూరోపియంలో ఎరుపునిచ్చే మెట్టుకూ దాని కింది మెట్టుకూ ఎడం సుమారు 12,000 కనుక దాని ఎరుపును బోరేట్ కూడా మింగలేదు. ఈ వెలుగుకు మూలమైన లోపలి 4ఎఫ్ ఎలక్ట్రాన్లకు బయటి కక్ష్యలు కవచమని చెప్పి, గాజును ఉత్త పాత్రగా వదిలేసిన నా పాఠం ఎంత అసంపూర్ణమో అప్పుడు గ్రహించాను.

మధ్యాహ్నం యూరోపియం వర్ణపటం గీయించాం. 612 నానోమీటర్ల శిఖరం ఎత్తును 590 దగ్గరి శిఖరంతో పోలిస్తే, అయాను చుట్టూ ఉన్న ఆక్సిజన్ల అమరికలో సౌష్ఠవం ఎంత తగ్గిందో తెలుస్తుంది. 1962లో శాస్త్రవేత్తలు జడ్, ఓఫెల్ట్ విడివిడిగా ఇచ్చిన సిద్ధాంతం దీన్ని అంకెల్లోకి తెచ్చింది. సాయంత్రం బోరేట్ బిళ్లలకు తేమ తగలకుండా వాటిని డెసికేటరులో సర్ది మూత బిగించారు.