స్కోప్‌లోంచి వీడియో: సంక్రాంతి నుంచి ఇప్పటిదాకా

సంక్రాంతికి ఊరికి వచ్చినప్పుడు పట్టుకున్న పిచ్చి ఇది. నల్లగొండ దగ్గర మా బత్తాయి తోటలో, బోరు మోటరు షెడ్డు పక్కన, 20 మీటర్ల దూరంలో ఇసుక బస్తాలు పేర్చి, వాటి ముందు అట్టకు కాగితం అంటించి ఎయిర్ రైఫిల్‌తో కొడుతుంటాను. 0.177 అంగుళాల గొట్టం ఉన్న స్ప్రింగ్ గన్, శక్తి 20 జౌల్స్ లోపే కాబట్టి లైసెన్సు అక్కర్లేదు. మొదట్లో చుట్టూ గుట్టలే కదా అని ఒక బండకే కాగితం అంటించాను, పెల్లెట్ (అందులో వేసే చిన్న గుండు) తిరిగొచ్చి షెడ్డు రేకుకు టంగుమని తగిలింది, బస్తాలు తెచ్చింది ఆ రోజే. పిట్టల జోలికి పోను, అడగకండి.

తుపాకి మీద గురి చూసే దుర్భిణి, అదే స్కోప్, 3-9×40: 3 నుంచి 9 రెట్లు పెద్దగా చూపిస్తుంది, ముందు లెన్స్ వెడల్పు 40 మిల్లీమీటర్లు. దాంట్లో కనబడేది వీడియో తీయాలని నా తాపత్రయం. దాని వెనక ఫోన్ నిలబెట్టడానికి పీవీసీ కప్లింగ్ ముక్క, లోపల వదులు లేకుండా సైకిల్ ట్యూబు, చివర పాత ఫోన్ కవరును ఎంసీల్‌తో అతికించాను. నాయన చూసి “ఏంది బిడ్డా, డ్రిప్పు సామాన్లన్నీ తుపాకికే పెడ్తున్నవ్” అన్నాడు. అప్పటికి మూడు కప్లింగులు కోసి పారేశాను మరి. కన్ను ఎంత దూరంలో పెడితే బొమ్మ నిండుగా కనబడుతుందో ఫోన్ లెన్స్ కూడా సరిగ్గా అక్కడే ఉండాలి, నా స్కోప్‌కు అది 9 సెంటీమీటర్లు. ఒక సెంటీమీటరు తేడా వచ్చినా అంచుల్లో నల్లటి నీడ. పైగా జూమ్ పెంచేకొద్దీ వెనక నుంచి వచ్చే వెలుగు గుండ్రం సన్నబడుతుంది: 40ని 4తో భాగిస్తే 10 మిల్లీమీటర్లు, 9తో భాగిస్తే నాలుగున్నర కూడా రాదు. అందుకే 9 మీద పెట్టి తీద్దామన్న ఆశ వదిలేసి 5 దగ్గర ఆగిపోయాను.

ఫిబ్రవరంతా ఫోకస్‌తోనే పోయింది. స్కోప్‌లో గురికోసం ఉండే ప్లస్ గుర్తు బాగుంటే కాగితం మసక, కాగితం బాగుంటే ప్లస్ గుర్తు మసక, ఆటో ఫోకస్ మధ్యలో ఊగుతూ ఉంటుంది, పైగా దగ్గరి వస్తువు అనుకుని ఫోన్ తనంతట తానే వేరే కెమెరాకు మారిపోతుంది. చివరికి కుదిరిన వరస ఇది: ఫోన్‌లో అన్నీ మనమే మార్చుకునే ప్రో మోడ్‌లో మెయిన్ కెమెరా ఎంచుకుని, ఫోకస్‌ను అనంతం గుర్తు మీద లాక్ చేసి, ఆ తర్వాత స్కోప్ కంటి దగ్గరి రింగు తిప్పుతూ ప్లస్ గుర్తు పదునుగా వచ్చేదాకా చూడాలి. కాగితం సంగతి వేరే. నా స్కోప్ 100 గజాల దూరం స్పష్టంగా కనబడేలా ఫ్యాక్టరీలోనే బిగించింది, 20 మీటర్ల దగ్గర మసక తప్పదు. దానికి ముందు లెన్స్ మీద నల్ల అట్టతో మూత చేసి మధ్యలో 20 మిల్లీమీటర్ల రంధ్రం పెట్టాను. వెలుగు నాలుగో వంతుకు పడిపోతుంది గానీ మన ఎండకు అది లెక్కే కాదు. డబ్బు ఖర్చు లేని ఈ ఒక్క పనే అన్నిటికన్నా ఎక్కువ తేడా చూపించింది.

మార్చి వచ్చాక పది దాటితే ఎర్రమట్టి మీది వేడి గాలికి బొమ్మ నీళ్లల్లో ఉన్నట్టు కదులుతోంది, కాబట్టి షూటింగ్ పొద్దున 7 నుంచి 9 లోపే. షెడ్డులో బల్బు కింద సెకనుకు 240 ఫ్రేముల స్లోమోషన్ తీస్తే వెలుగు మిణుకుమిణుకుమంటుంది, మన కరెంటు 50 హెర్ట్జ్ కదా, బల్బు సెకనుకు వందసార్లు ఊగుతుంది. బయట ఎండలో ఆ బాధ లేదు.

ఇక ఎడిటింగ్. ఫోన్ వీడియోలో ఫ్రేము వేగం స్థిరంగా ఉండదు, అందుకని మైకు ధ్వని విడిగా రికార్డు చేసి కలిపితే ఐదు నిమిషాలకే బొమ్మతో కలవకుండా జారిపోతోంది. హ్యాండ్‌బ్రేక్ అనే సాఫ్ట్‌వేర్‌లో ముందు కాన్‌స్టంట్ ఫ్రేమ్‌రేట్‌కు (ఒకే వేగానికి) మార్చి, తర్వాతే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ డావిన్చీ రిజాల్వ్‌లో వేస్తున్నాను, ఉచితంగా వచ్చేదే. ఒక రోజంతా ఇంకో తిప్పలు పడ్డాను: గురిగా పెట్టిన డబ్బాకు పెల్లెట్ తగిలిన చప్పుడు బొమ్మ కంటే మూడు ఫ్రేములు ఆలస్యంగా వస్తోంది. ధ్వనిని ముందుకు జరిపితే తుపాకి చప్పుడు తప్పుతోంది. తర్వాత వెలిగింది, మైకు నా దగ్గర ఉంది, 20 మీటర్ల నుంచి చప్పుడు రావడానికి ఆ మాత్రం టైమ్ పడుతుంది, సెకనుకు 60 ఫ్రేముల వీడియోలో అది మూడు ఫ్రేములే! తప్పేమీ లేదు, అలాగే వదిలేశాను.

అసలు సంగతి స్టెబిలైజేషన్ (వీడియో ఊగకుండా చేయడం) దగ్గర బయటపడింది. ఆటోమేటిక్‌గా పెడితే సాఫ్ట్‌వేర్ ప్లస్ గుర్తును, గుండ్రటి అంచును పట్టుకుని అవే కదలకుండా ఉంచుతుంది, కాగితం మాత్రం ఎగురుతూనే ఉంటుంది. అందుకని కాగితం మీది నల్ల చుక్కను ట్రాకర్‌తో పట్టి దాన్ని కట్టేశాను. ఇప్పుడు కాగితం నిలబడింది, ప్లస్ గుర్తు దాని మీద తిరుగుతోంది. చూస్తే ప్రతి షాట్‌లోనూ పెల్లెట్ వదలకముందే గుర్తు కుడివైపు కిందికి జారుతోంది. ట్రిగ్గర్‌ను నొక్కడం కాదు, గుంజుతున్నాను. రెండు నెలలు పెల్లెట్లను తిట్టాను, రెండు రకాలు మార్చాను, స్కోప్ స్క్రూలు కూడా అనుమానించాను.

వీడియో చూసి బావమరిది, “గగన్ నారంగ్ 2012 లండన్‌లో కంచు గెలిచినప్పుడు స్కోపే లేదు గదా బావా” అని ఎక్కిరించాడు. నిజమే, ఆ షూటర్ పతకం గెలిచిన 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ పోటీలో చిన్న రంధ్రంలోంచి గురి చూసే పీప్ సైట్ మాత్రమే, నా సాకులేవీ అక్కడ చెల్లవు.

పోయిన ఆదివారం తుపాకిని నా ముందు ఆనించుకునే బస్తా మీద నేరుగా పెట్టకుండా, రెంటి మధ్యలో అరచేయి ఉంచి, వదులుగా పట్టుకుని పది కొట్టాను. ఏడు ఒక రూపాయి బిళ్ల కింద దాగేంత దగ్గరగా పడ్డాయి, మిగతా మూడు పాత అలవాటే. ఫోన్ బరువు వెనక 200 గ్రాములు దాటింది, అది పెట్టినప్పుడు, తీసినప్పుడు గురి ఒకేలా ఉండటం లేదు, కాబట్టి ఈ వారం ఫోన్‌తోనే మళ్లీ జీరో చేయాలి, అంటే గుర్తు పెట్టిన చోటే పెల్లెట్ పడేలా స్కోప్‌ను సరిచేయాలి. ఎండకు వేడెక్కి ఫోన్ రికార్డింగ్ ఆపేస్తోంది కూడా, కవరు వెనక సగం కోసేసి చూస్తాను.