పాత చెక్క అతికిన కుర్చీ

పాలకొల్లులోని మా ఇంటి వసారాలో తాతగారి టేకు పడక కుర్చీ ఉంది. ఏళ్ల తరబడి వాన జల్లు కొట్టి, కుడి చేతి చివర చెక్కిన తామరమొగ్గ పుచ్చిపోవడంతో పోయిన వేసవిలో వడ్రంగి మేస్త్రిగారిని పిలిపించాము. కొత్త చెక్క తెప్పిస్తానంటే ఆయన ఒప్పుకోలేదు. పడగొట్టిన మండువా ఇంటి ద్వారబంధంలోంచి మేము దాచుకున్న ముక్కను చిత్రిక పట్టి, సన్నటి ఉలితో ఒక్కొక్క రేకునూ విప్పుకుంటూ మొగ్గ చెక్కి, పాత చేతికి బెజ్జం తొలిచి బిగించారు. "ఇది ఎండవలసినంతా ఎండిపోయిందండి, ఇంక వంగదు, విచ్చదు" అన్నారు.

ఆ మాట వినగానే ఆస్ట్రేలియా రాజధాని కాన్‌బెర్రాలోని పాత పార్లమెంటు భవనంలో ఉన్న స్పీకరు కుర్చీ నా మనసులో మెదిలింది. 1927 మే నెలలో ప్రారంభమైన ఆ భవనానికి సామ్రాజ్య పార్లమెంటరీ సంఘం బ్రిటిష్ శాఖ కానుకగా ఇచ్చిన ఆ కుర్చీ, లండన్‌లోని బ్రిటిష్ పార్లమెంటు దిగువ సభ అయిన కామన్స్ సభ కోసం 19వ శతాబ్దంలో వాస్తుశిల్పి అగస్టస్ పుజిన్ రూపొందించిన కుర్చీకి నకలు. నిలువెత్తున లేచి, తలపై కప్పుతో అది చిన్న మండపంలా ఉంటుంది. దాన్ని ఓక్ చెక్కతో చేశారు. ఓక్ మనకు పరిచయమున్న చెట్టు కాదు గాని, మన దగ్గర టేకుకున్న గౌరవం అక్కడ దానిది. పైన రాజచిహ్నాన్ని 14వ శతాబ్ది చివర లండన్‌లోని వెస్ట్‌మినిస్టర్ హాలు పైకప్పుకు వాడిన ఓక్‌లో చెక్కారు; చేతుల మీద మడిచే పలకలు 1805లో ట్రఫాల్గర్ యుద్ధం చేసిన బ్రిటిష్ నౌకాదళ సేనాని నెల్సన్ ఓడ విక్టరీ చెక్కతో చేసినవి. కుర్చీ మొత్తంలో నన్ను కట్టిపడేసేది ఆ పలకలే. స్పీకరు చేయి ఆనేది వాటి మీదనే కదా!

అసలు కుర్చీ 1941 మే 10 రాత్రి జర్మన్ బాంబుదాడిలో కామన్స్ సభామందిరంతో పాటు నాశనమైంది. 2020 సెప్టెంబరులో అంతర్వేది రథం కాలిపోవడం చూసిన మాకు, చెక్కిన కొయ్య ఎంత సులువుగా బూడిదైపోతుందో ఒకరు చెప్పనక్కరలేదు. మందిరాన్ని మళ్లీ కట్టి 1950లో తెరిచినప్పుడు, అక్కడికి స్పీకరు కుర్చీని పంపినది నకలు అందుకున్న ఆస్ట్రేలియాయే. క్వీన్స్‌లాండ్ అడవుల బ్లాక్ బీన్ కలపతో చేయించి పంపింది. 1988లో ఆస్ట్రేలియా పార్లమెంటు కొత్త భవనానికి తరలినా, ఓక్ కుర్చీ మాత్రం పాత సభలోనే ఉండిపోయింది. అది సబబేనని నా అభిప్రాయం.

రంగు కలిసేలా వార్నిష్ పూయమంటారా అని మేస్త్రిగారు అడిగితే వద్దన్నాను. మొగ్గ అడుగున చిత్రిక తగలని అంగుళం మేర, పండుగ పండుగకీ మా నాయనమ్మ ఆ ద్వారబంధానికి రాసిన పసుపు ఇంకా పట్టుకునే ఉంది.