విశాఖలో గది వెతికిన ఆదివారం

నవంబరు మూడో ఆదివారం

పొద్దున కాఫీ తాగి ఫోను, కాగితం, కలం పట్టుకుని కూర్చున్నదాన్ని దీపాలు పెట్టే వేళకు గానీ లేవలేదు. డిసెంబరు చివరి వారంలో విశాఖపట్నం వెళ్లడానికి రైలు టిక్కెట్లు తీసుకుని చాలా రోజులైంది కానీ, ఎక్కడ దిగాలి, ఎక్కడ తినాలి అన్నది ఇవాళ్టి వరకు తేలలేదు. నిజానికి ఈ ప్రయాణం వేసవిలోనే పెట్టుకున్నాము. అయితే ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు తూర్పు తీరంలో మరపడవల మీద చేపల వేట నిషేధమని, అప్పుడు వస్తే మా అబ్బాయి కోరుకునే తాజా చేప అంత సులువుగా దొరకదని విశాఖలో ఉండే పిన్ని కూతురు చెప్పింది. దసరా సెలవులకు నాకే ధైర్యం చాలలేదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను ఆ ఊరి దగ్గరే తీరం దాటినప్పుడు పిన్ని వాళ్లతో ఫోను కలవక మేము పడిన ఆందోళన నాకింకా గుర్తుంది. డిసెంబరు 4 నేవీ డే విన్యాసాలు విశాఖలో జరిపే ఏడు బీచ్ రోడ్డంతా జనంతో నిండిపోతుంది కాబట్టి, ఆ సందడి సద్దుమణిగాక వెళ్లడమే మంచిదనుకున్నాము.

హోటలు మాట ఎత్తగానే చెల్లెలు నొచ్చుకుంది. "ఏటక్కా, మా ఇల్లుండగా మీకు హోటల్ ఏటి?" అని అడిగింది. ఆమె బాధ న్యాయమైనదే. బంధువులున్న ఊళ్లో డబ్బిచ్చి బస చేయడం మా ఇళ్లలో ఇప్పటికీ చిన్నతనంగానే తోస్తుంది. కానీ ఎంవీపీ కాలనీలో వాళ్లుండేది లిఫ్టు లేని ఇంట్లో మూడో అంతస్తు, మా అమ్మ మోకాళ్లు పది మెట్లకే మొరాయిస్తాయి. ఒకరోజు మధ్యాహ్న భోజనానికి తప్పకుండా వస్తామని, పనసపొట్టు ఆవ పెట్టిన కూర అమ్మకు చేసిపెట్టమని అడిగాక ఆమె కొంత మెత్తబడింది.

ఈసారి నేనింత పట్టుదలగా వెతకడానికి కారణం 2009లో చేసిన ప్రయాణం. అప్పుడు నాన్నగారు ఉన్నారు. తక్కువలో వస్తుందని స్టేషను దగ్గర ఒక లాడ్జిలో గది తీసుకున్నాము. దాని కిటికీ తెరిస్తే ఎదురుగా మరో గోడ. సింహాచలం దర్శనానికి ఒక పూట పట్టింది, మిగిలిన సమయం ఆటోల బేరాలతోనే గడిచింది, రామకృష్ణా బీచికి చేరేసరికి బాగా చీకటి పడింది. నల్లటి నీళ్ల మీద తెల్లటి నురగ తప్ప మరేమీ కనిపించని ఆ అరగంటలో, తెల్లవారాక ఇంకోసారి వచ్చి సూర్యోదయం చూద్దామని నాన్నగారు అమ్మతో అన్నారు. తెల్లవారాక మాకు రైలుకు టైమైపోయింది. ఆ తరువాత ఆయన మళ్లీ విశాఖ వెళ్లలేదు. అమ్మ ఆ సంగతి ఎన్నడూ ఎత్తలేదు కానీ, గది ఎంచడంలో పొరపాటు చేసింది నేనే గనుక నేను మరిచిపోలేదు.

అందుకే ఇవాళ కాగితం మీద మొదట ఊరిని మూడు ముక్కలుగా రాసుకున్నాను. జగదాంబ, సూర్యాబాగ్, డాబా గార్డెన్స్ వైపు దసపల్లా, డాల్ఫిన్ వంటి పేరున్న పాత హోటళ్లు ఉన్నాయి. స్టేషనుకు దగ్గర, బజారుకు దగ్గర, తిండికి లోటుండదు. కానీ సముద్రం చూడాలంటే ప్రతిసారీ బండి ఎక్కాలి. రుషికొండ ఊరికి పది పన్నెండు కిలోమీటర్ల దూరంలో ఉంది, 2020లో బ్లూ ఫ్లాగ్ గుర్తింపు పొందిన శుభ్రమైన తీరం, పిల్లలిద్దరూ అక్కడే ఉందామన్నారు. అమ్మకు రాత్రివేళ ఒంట్లో బాగుండకపోతే ఆసుపత్రికి అంత దూరం రావాలన్న ఆలోచన నన్ను వెనక్కి లాగింది. ఇక మిగిలింది బీచ్ రోడ్డు. నోవోటెల్, ది పార్క్ వంటివి అక్కడే ఉన్నా మాకు అందుబాటులో లేవు. గది అద్దె రోజుకు 7,500 రూపాయలు దాటితే జీఎస్టీ 18 శాతం, ఆ లోపైతే 5 శాతం కాబట్టి, ఆ గీత దాటకూడదని మా వారు ముందే చెప్పారు. అందులో సగంలోనే దొరుకుతుందేమోనని నా ఆశ.

ఆరు హోటళ్లకు ఫోను చేశాను. చేసినకొద్దీ తెలిసిందేమంటే, 'సీ వ్యూ' అన్న మాటకు ఎవరి అర్థం వారిది. ఒకచోట సందులోంచి మెడ చాచి చూస్తే కనిపించే నీలిచార కూడా సీ వ్యూయే. అందుకని మంచం మీద కూర్చుంటే సముద్రం కనిపిస్తుందా, గదికీ నీటికీ మధ్య రోడ్డు తప్ప ఇంకేమైనా ఉందా, లిఫ్టు దాకా వెళ్లడానికి ఎన్ని మెట్లున్నాయి అని విడివిడిగా అడగడం మొదలుపెట్టాను. విసుగు లేకుండా జవాబు చెప్పిన ఇద్దరి పేర్ల పక్కన చుక్క పెట్టుకున్నాను. ఫోనులో ఓపిక చూపినవారు గదిలో వేడినీళ్లు రాకపోయినా పట్టించుకుంటారని నా నమ్మకం.

అసలు చిక్కు వేళ దగ్గర వచ్చింది. గోదావరి ఎక్స్‌ప్రెస్ సాయంత్రం ఇక్కడ సికింద్రాబాదులో ఎక్కితే మర్నాడు తెల్లవారుజామున అక్కడ దింపుతుంది. చాలా హోటళ్లలో గది ఇచ్చేది మధ్యాహ్నం పన్నెండుకో రెండింటికో. తెల్లవారుజామున సికింద్రాబాదులో బయలుదేరే వందే భారత్ సరిగ్గా ఆ వేళకే చేరుస్తుంది గానీ, దాదాపు తొమ్మిది గంటలు కూర్చునే ప్రయాణం అమ్మ మోకాళ్లకు పనికిరాదు, ఆమెకు పడుకునే బెర్తే కావాలి. దిగినప్పటి నుంచి 24 గంటలు లెక్కగట్టే పాత పద్ధతి ఇంకా పాటించే హోటళ్లు కొన్ని ఉన్నాయి కాబట్టి, చివరికి నా జాబితా వాటికే పరిమితమైంది.

తిండి విషయంలో ఇంట్లో తలో దారి. అబ్బాయికి వంజరం వేపుడు, రొయ్యలు కావాలి. అమ్మాయికి బీచిలో అమ్మే మురీ మిక్చర్, అంటే మరమరాల మిక్చర్ ఉంటే చాలు. అమ్మ శనివారం, సింహాచలం వెళ్లే రోజు నీచు ముట్టదు, పైగా అదే వంటగదిలో వండినదైతే సందేహిస్తుంది. ఒకే హోటల్లో అందరికీ కుదర్చాలని చూస్తే ఎవరికీ తృప్తి ఉండదు గనుక పూటలవారీగా పంచాను. పొద్దున టిఫిను బసకు నడిచి వెళ్లేంత దూరంలో, ఇడ్లీ పొగలు కక్కుతూ వచ్చే చిన్న చోట. సింహాచలం నుంచి తిరిగి వచ్చిన రోజు శాకాహార భోజనం. రుషికొండ వెళ్లిన పూట మాత్రం ఊరంతా రాజుగారి ధాబా అని పిలిచే సీ ఇన్‌లో చేపల భోజనం, ఆ పూట అమ్మ మా చెల్లెలి దగ్గర ఉంటుంది. సముద్రతీరంలో చేప తినాలంటే మెనూ కార్డు చూడకుండా, ఇవాళ హార్బరు నుంచి ఏమొచ్చిందని అడగాలని చెల్లెలి భర్త చెప్పారు. నెత్తళ్లు వచ్చిన రోజు వంజరం అడగకూడదట. ఈ మాట నాకు చాలా నచ్చింది, కాగితం మీద అన్నిటికన్నా పైన రాసుకున్నాను.

సాయంత్రానికి ఒక హోటలు దాదాపు ఖాయమైంది. కొత్త భవనం, అయిదో అంతస్తు, గోడంతా అద్దం, మంచం మీంచి సముద్రం. ఫొటోలు అమ్మకు చూపించాను. ఆమె కళ్లద్దాలు పెట్టుకుని చాలాసేపు చూసి, "కిటికీ తెరుచుకుంటుందా అమ్మా?" అని అడిగింది. తెరుచుకోదు, ఏసీ కోసం అద్దం బిగించేశారు. నేను ఆ మాట చెప్పాక, "అయితే చప్పుడు వినపడదన్నమాట" అని ఫోను నా చేతికిచ్చి, చిక్కుళ్లు వలవడానికి వెళ్లిపోయింది.

చుక్క పెట్టిన రెండో హోటలుకు మళ్లీ ఫోను చేశాను. పాత భవనం, సామాను పాతది, టీవీ చిన్నది, రెండో అంతస్తులో బాల్కనీ ఉన్న గది ఒక్కటే మిగిలింది. బాల్కనీలో కుర్చీ వేస్తారా, రాత్రిపూట తలుపు తీసి ఉంచితే అలల చప్పుడు గదిలోకి వస్తుందా అని అడిగాను. "పగలు బండ్ల రొద ఉంటుంది మేడమ్, రాత్రి పదకొండు దాటాక మాత్రం సముద్రమే వినపడుతుంది" అన్నాడు ఆ అబ్బాయి. డిసెంబరు చివర అక్కడ ఆరున్నరకు కాస్త ముందు సూర్యుడు వస్తాడని, గోదావరి సరైన వేళకు చేరితే దిగిన రోజే చూడవచ్చని కూడా చెప్పాడు.

మూడు రాత్రులకు అడ్వాన్సు పంపించాను. కుర్చీలు రెండు వేయించమన్నాను.