అటక మీద రోడ్ రాష్

నిన్న అటక సర్దుతుంటే రోడ్ రాష్ అనే పాత బైక్ రేసింగ్ గేమ్ సీడీ దొరికింది. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో నాన్నని బతిమాలి కొనిపించుకున్నది. ఎన్ని గీతలు పడ్డా చొక్కా అంచుతో తుడిచి పెడితే నడిచేది. ఇప్పుడు పెడదామంటే ల్యాప్‌టాప్‌కి డ్రైవే లేదు!

మావాడి కొత్త గేమ్ 90 జీబీ. రాత్రంతా డౌన్‌లోడ్, పొద్దున లేవగానే మళ్లీ అప్‌డేట్. పైగా ఆన్‌లైన్ గేమ్, రేపు సర్వర్ ఆపేస్తే కట్టిన డబ్బు గోవిందా. అమీర్‌పేట నెట్ సెంటర్లో నేనాడిన ఫ్లాష్ గేములూ అలాగే పోయాయి. వాటిని బ్రౌజర్‌లో నడిపే ఫ్లాష్ సాఫ్ట్‌వేర్‌కి 2020 డిసెంబర్ 31తో అడోబీ కంపెనీ సపోర్ట్ ఆపేసింది. ఫ్లాష్ లేకుండానే ఆ గేముల్ని నడిపే రఫుల్ అనే ఎమ్యులేటర్ ప్రోగ్రామ్ పుణ్యమా అని కొన్ని మళ్లీ నడుస్తున్నాయి, అదొక్కటే ఊరట.

వాడు సీడీని అటూ ఇటూ తిప్పి, "నాన్నా, ఇందులో ఎన్ని జీబీ పడుతుంది?" అన్నాడు. 700 ఎంబీ అంటే నవ్వేశాడు.